ముప్పై ఎనిమిదో బడి చెదలు

సోమరాజులంక జిల్లా పరిషత్ హైస్కూలు గ్రంథాలయంలో రెండు వేల మూడు వందల పదహారు పుస్తకాలు ఉన్నాయి. వాటిలో శిథిలమైనవి నాలుగు. ఒకటి మేక నమిలింది. రెండు కిటికీ పక్కన వానకి తడిశాయి. నాలుగోది పిల్లలు ఇష్టంగా చదివి చదివి అరగదీసింది. దాన్ని శిథిలం అనడానికి నాకు మనసొప్పదు గానీ, అట్ట లేని పుస్తకాన్ని రికార్డులో అలాగే రాయాలి.

కిందటి జూలైలో ఒక మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకి మా రెండు వేల మూడు వందల పదహారు పుస్తకాలూ శిథిలమైపోయాయి. నిప్పంటుకోలేదు. గోదావరి పొంగలేదు. మా ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో, ఫ్యాన్లు తిరుగుతున్న ఒక హాల్లో, ఒక పెద్దమనిషి చూపుడువేలు తగిలింది, అంతే.

ఆ హాల్లో జరుగుతున్నది శిక్షణ. సమష్టి జ్ఞాన మిషన్ అని కొత్తగా ఒకటి పుట్టింది. బడి గ్రంథాలయాధికారులందరూ ఇంటర్నెట్‌లో కలిసి పనిచేయడం నేర్చుకోవాలనీ, నేర్చుకుని పిల్లలకి నేర్పాలనీ దాని ఆశయం. ఆశయాన్ని నేను తప్పు పట్టను. మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో నాతో కలిసి పని చేసేవాళ్ళెవరూ లేరు. ముప్పై ఎనిమిది బళ్ళవాళ్ళతో కలిసి ఒకే కాగితం మీద రాయవచ్చు అనగానే సంతోషంగానే బయల్దేరాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. హాల్లో నా నెత్తిమీది ఫ్యాను తిరిగింది. మధ్యాహ్నం పెరుగన్నంలోకి మాగాయ వేస్తారని తెలిసింది. ఇంతకన్నా శుభసూచకాలు ఏం కావాలి?

జిల్లా సహకార సమన్వయాధికారి తాళ్ళూరి కృపానిధి గారు మైకు పుచ్చుకున్నారు. ఆయనది నున్నగా గీసిన గడ్డం, నున్నటి గొంతు.

"మిత్రులారా! సహకారం అనేది ఇంతకాలం స్వచ్ఛందంగా జరుగుతూ వచ్చింది. ఇది మన వ్యవస్థలో పెద్ద లోపం. నేటినుంచి సహకారం విధిగా జరుగుతుంది. ఎవరెంత సహకరించారో ప్రతి శుక్రవారం సాయంత్రం లెక్క తేలుతుంది. దాని పేరు సహకార సూచీ. సూచీ తగ్గినవారు సంజాయిషీ ఇచ్చుకోవాలి."

వెనక గోడ మీద పెద్ద తెర. తెర మీద ఒక షీటు. డివిజన్‌లోని ముప్పై ఎనిమిది బళ్ళ పుస్తకాలూ అందులోనే ఉన్నాయి. ఒక్కో వరసలో ఒక్కో పుస్తకం: ఏ బడి, పుస్తకం పేరు, రాసినవారు, చివర 'స్థితి'. స్థితి గడిలో 'బాగుంది' అని గానీ 'శిథిలం' అని గానీ ఉంటుంది. మూడు నెలలపాటు మేం కూర్చుని ఎక్కించినవే అవన్నీ. బళ్ళు ఊరి పేరునిబట్టి అక్షర క్రమంలో ఉన్నాయి. మొదటిది అప్పనపాడు. ముప్పై ఎనిమిదోది, అట్టడుగున ఉన్నది, సోమరాజులంక.

"ఇప్పుడు అందరూ ఒకేసారి షీటు తెరవండి. స్వేచ్ఛగా పాల్గొనండి!" అన్నారు కృపానిధి గారు.

ముప్పై ఎనిమిది పోస్టుల్లో పదకొండు ఖాళీ. మిగిలిన ఇరవై ఏడుగురం స్వేచ్ఛగా పాల్గొన్నాం. ఒకాయన చక్కటి బాలల కథల పుస్తకానికి రచయిత పేరు తీసేసి 'గుడ్ మార్నింగ్ సార్' అని రాశాడు. ఒకావిడ తన పేరు రాస్తే పక్కావిడ దాన్ని చెరిపి తన పేరు రాసింది. ఈవిడ మళ్ళీ చెరిపింది. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లోనే కూర్చున్నారు. కృపానిధి గారు తెర చూసి మురిసిపోయారు. "చూశారా! ఎంత చైతన్యమో!"

తెర మీద అందరికన్నా పైన అప్పనపాడు ఉంది. ఆ బడి లైబ్రేరియన్ పులపర్తి వెంకటరత్నం గారు నా పక్కనే కూర్చున్నారు. ఆయనకి నెలాఖరున రిటైర్మెంటు. నాలుగేళ్ళ కిందట తుఫాను నీళ్ళు ఆయన లైబ్రరీలోకి వచ్చాయి. ఆ వెనకే చెదలూ వచ్చాయి. కాబట్టి తెర మీద ఆయన బడి ఎదురుగా వరసగా శిథిలం, శిథిలం, శిథిలం అని గోడంత అక్షరాలతో కనిపిస్తోంది.

"పరువు పోతోందండీ మాస్టారూ," అన్నారాయన నా చెవిలో. "మంచివి పైకొచ్చి చెడ్డవి కిందికెళ్ళే ఉపాయం ఏదో ఉందన్నారు కదండీ మన కృపానిధిగారు? ఏదండీ అది?"

నేను చెప్పేలోగా ఆయన స్థితి గడుల నిలువు వరస ఒక్కదాన్నే ఎంచుకుని మీట నొక్కేశారు. పుస్తకాల పేర్లు కదల్లేదు. బళ్ళ పేర్లు కదల్లేదు. స్థితులు మాత్రమే కదిలాయి. డివిజన్ మొత్తంలో ఉన్న 'బాగుంది'లన్నీ పైకి లేచాయి. 'శిథిలం'లన్నీ జారి అట్టడుక్కి చేరాయి. అట్టడుగున ఉన్నది మేం. ముప్పై ఎనిమిది బళ్ళ చెదలు, ఒక్క అడుగైనా నడవకుండా, మా లంకకి చేరిపోయాయి. లెక్క కూడా దేవుడు తూచినట్టు సరిపోయింది. మా పుస్తకాలన్నిటికీ ఒక్కో శిథిలం వచ్చాక, మూడు మిగిలి ముప్పై ఏడో బడికి పోయాయి.

నేను లేచి నిలబడ్డాను. "సార్, చిన్న పొరపాటు జరిగిందండి. ఒక్క వరసే కదిలింది. వెనక్కి తిప్పే మీట ఉంటుంది, రెండు క్షణాల పని."

కృపానిధి గారు నా వైపు జాలిగా చూశారు. "వెనక్కా? మాస్టారూ, సహకారంలో వెనక్కి అనేది లేదు. ఒక భాగస్వామి చేసిన కృషిని మరొకరు తుడిచేయడం మిషన్ స్ఫూర్తికి విరుద్ధం. పెద్దాయన ఎంత ఉత్సాహంగా పాల్గొన్నారో చూశారుగా!"

"కానీ సార్, మా పుస్తకాలు బాగానే ఉన్నాయండి."

"ఉంటే షీటులో ఉండేవి," అన్నారాయన సౌమ్యంగా. "ఏడో మార్గదర్శకం చూడండి. సవరణ కావాలంటే భాగస్వామ్య పక్షాలన్నీ సమ్మతి తెలపాలి. ముప్పై ఎనిమిది సమ్మతులు రాగానే సవరణ దానంతటదే జరిగిపోతుంది. ఎంత ప్రజాస్వామికం!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మాగాయ బాగుంది.

మర్నాటినుంచి సమ్మతుల వేట మొదలుపెట్టాను. షీటు పక్కన అందరికీ కనబడేలా వినయంగా వ్యాఖ్య రాశాను. వారంలో ఇరవై ఐదు మంది సమ్మతి మీట నొక్కారు. మంచివాళ్ళు. వాళ్ళలో ఏడుగురు ఎందుకు నొక్కుతున్నారో తెలియకుండా, సూచీ పెరుగుతుందని నొక్కారు. అయినా నొక్కారు కదా. నాది కలిపితే ఇరవై ఆరు.

వెంకటరత్నం గారికి ఫోన్ చేశాను.

"అయ్యో మాస్టారూ, మీకు నేను కాదంటానా?" అన్నారాయన. "కానీ ఆలోచించండి. నాలుగేళ్ళబట్టి ఆడిట్లో ఆ చెదల గురించే సంజాయిషీలు రాస్తన్నానండి. మొన్న మంగళవారంతో అన్నీ బాగుందయిపోయినాయి. రేపు ముప్పై ఒకటిన నాకు శాలువా కప్పుతారు. ఈలోగా ఆ చెదల్ని మళ్ళీ తెచ్చి మా బీరువాలో పెట్టమంటారా? మీరే చెప్పండి, న్యాయంగా."

"మరి మా పుస్తకాలో, వెంకటరత్నంగారూ?"

"మీకేంటండి, మీవి నిజంగానే బాగున్నాయి కదా!"

నేను ఫోన్ పెట్టేసి జాబితా ముందేసుకున్నాను.

మిగిలిన పదకొండు పోస్టులు ఖాళీ. ఖాళీ పోస్టు సమ్మతి ఎలా తెలుపుతుందని మిషన్‌కి రాశాను. జవాబు అదే రోజు వచ్చింది. 'ఖాళీ పోస్టు సైతం ఒక భాగస్వామ్య పక్షమే. దాని మౌనాన్ని అంగీకారంగా భావించరాదు. సదరు పోస్టు భర్తీ అయ్యేవరకు వేచి చూడవలసినది.'

వేచి చూడటానికి అట్టే రోజులు లేవు. ఆగస్టు పదకొండున ఉత్తర్వు వచ్చింది. షీటులో శిథిలమని నమోదైన పుస్తకాలన్నిటినీ పదిహేను రోజుల్లో కాగితం గుజ్జు చేసే మిల్లుకి తరలించాలి. మిల్లు తరఫున లారీ ఇరవై ఐదో తేదీ ఉదయం బడికి వస్తుంది. శిథిలాలు పిల్లల ఆరోగ్యానికి హానికరం కనుక ఎట్టి పరిస్థితుల్లోనూ ఒక్కటి కూడా మిగల్చరాదు.

మా హెడ్‌మిస్ట్రెస్ నడింపల్లి ఇందుమతి గారు ఉత్తర్వుని మూడుసార్లు చదివారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆవిడ పిల్లలిద్దరూ మా లైబ్రరీలోనే బొమ్మల కథలు చదివి పెరిగారు.

"మాస్టారూ, నేనేం చెయ్యనండి? నాకీ ఏడు ప్రమోషన్ లిస్టులో పేరుంది," అన్నారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "పోనీ ఆ కృపానిధిగారినే ఒకసారి వచ్చి చూడమందాం. చూస్తే ఆయనకే తెలుస్తుంది కదండీ? కళ్ళున్నాయి కదా మనిషికి!"

ఆయన వచ్చారు. అడగగానే వచ్చారు. అది మెచ్చుకోవాలి. బీరువా తీసి ఒక పుస్తకం చేతికిచ్చాను. తిరగేశారు. మరొకటి ఇచ్చాను. అట్ట నిమిరి చూశారు. మూడోది ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశారు.

"బాగున్నాయే," అన్నారు.

నా ప్రాణం లేచి వచ్చింది. "అదే సార్ నేను మొదట్నించీ—"

"కంటికి బాగున్నాయి. నేను కాదనను. కానీ మాస్టారూ, నా కంటికి కనబడిన దాన్ని నేనెక్కడ రాయను? తనిఖీ ఫారంలో మూడు ప్రశ్నలే ఉన్నాయి. షీటు తెరిచారా, తెరిచాం. షీటులో శిథిలాలెన్ని, రెండువేల మూడువందల పదహారు. శిథిలాలు బడిలోనే ఉన్నాయా, ఉన్నాయి. ఇక్కడ సంతకం."

"పుస్తకం చేతిలో ఉంది కదండీ," అన్నారు ఇందుమతి గారు ఉండబట్టలేక.

"మేడమ్, చేతిలో ఉన్నది ఒక్కరికే కనబడుతుంది. షీటు లక్షమందికి కనబడుతుంది. ఏది నిజం?"

ఇందుమతి గారు ఆయనకి కొబ్బరినీళ్ళు ఇప్పించారు. పోతూ పోతూ ఆయన గుమ్మంలో ఆగారు. "అన్నట్టు, మీ బడి సూచీ చాలా తక్కువగా ఉంది. పిల్లలకి సహకారం నేర్పుతున్నారా లేదా? వచ్చే వారం సహకార వారోత్సవం. ఆ వారం మటుకు పిల్లలు ఇంటినుంచి ఫోన్లు తెచ్చుకోవచ్చని మినహాయింపు ఇచ్చాం. వినియోగించుకోండి."

నేర్పాలి కాబట్టి నేర్పాను. మా లంకలో సిగ్నల్ అంతటా రాదు. బళ్ళో మంచినీళ్ళ ట్యాంకుకి ఉన్న మెట్లమీద మూడో మెట్టునుంచి పైకి వస్తుంది. కాబట్టి నా తరగతి మెట్ల మీద జరిగింది. పదో తరగతి పిల్లలు పైమెట్లకి, తొమ్మిది కింది మెట్లకి. మిషన్ వారి పాఠంలో మొదటి అభ్యాసం ఇది: 'పక్కన కూర్చున్న మిత్రునితో మాట్లాడరాదు. చెప్పదలచినది షీటులో వ్యాఖ్యగా రాయవలెను. మాటల ద్వారా జరిగిన సహకారం సూచీలో నమోదు కాదు.' పిల్లలు దాన్ని చదివి పొట్ట పట్టుకుని నవ్వారు. సుభాషిణి అనే పిల్ల పక్కన కూర్చున్న నేలపూడి జెస్సీకి 'నీ మోచెయ్యి నాకు గుచ్చుకుంటంది' అని వ్యాఖ్య రాసింది. జెస్సీ 'సమ్మతి' అని జవాబు రాసి మోచెయ్యి మరికాస్త గుచ్చింది.

జెస్సీ పదో తరగతి. రొయ్యల చెరువుల్లో పనికిపోయే తల్లిదండ్రుల పిల్ల. ఆరో తరగతినుంచి మా లైబ్రరీలో వారానికి రెండు చొప్పున చదివింది. ఏ బీరువాలో ఏముందో నాకన్నా తనకే బాగా తెలుసు. షీటు చూస్తూ చూస్తూ మా బడి వరసల దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"సార్, మన పుస్తకాలన్నీ శిథిలం అని రాశారేంటండి? ఎవరండి రాసింది?"

దాచిపెట్టడం నా చేతకాలేదు. జరిగిందంతా చెప్పాను. ఇరవై ఐదున లారీ వస్తుందనీ చెప్పాను.  షీటులో ఎవ్వరూ ఏమీ రాయలేదు.

"అన్నీ తీసుకుపోతారాండి?" అన్నాడు కింది మెట్టుమీద ఒకడు.

"అన్నీరా."

"నేను సగం చదివిందోటి ఉందండి!"

"నోర్ముయ్యరా, నీ సగం గొడవేంట్రా ఇప్పుడు," అంది సుభాషిణి. 

 మర్నాడు ఉదయం ప్రార్థనకి ముందే జెస్సీ నా గదికి వచ్చింది.  రాత్రంతా ఎవరింట్లో ఏ ఫోన్ అడిగి మిషన్ వారి మార్గదర్శకాలన్నీ చదివిందో, నోట్‌బుక్కులో ముఖ్యమైనవి దించుకుంది.

"సార్, పదకొండో మార్గదర్శకం చదివేరాండి?"

"మొత్తం చదవలేదమ్మా." నిజం చెప్పాలి. వాటిని రాసినవాళ్ళు కూడా మొత్తం చదివి ఉండరు.

జెస్సీ పైకి చదివింది: "'పాఠకుడు తానే షీటులో తన పేరు నమోదు చేసుకుని పుస్తకం తీసుకొనవచ్చును. దీనికి ఎవరి సమ్మతీ అవసరం లేదు. సహకార వారోత్సవంలో ఒక్కొక్కరు తీసుకొనే పుస్తకాలకు పరిమితి లేదు. పాఠకుని వద్దనున్న పుస్తకం తిరిగి వచ్చువరకు దానిపై ఎట్టి ఇతర చర్యయూ చేపట్టరాదు.' అంటే ఏంటండి? మా చేతిలో ఉన్నదాన్ని లారీ ఎక్కించటానికి లేదు కదండీ?"

నేను కుర్చీలోంచి లేచాను. గ్రంథాలయ శాస్త్రంలో బి.ఎల్.ఐ.ఎస్సీ. చదివిన నాకు తట్టనిది ఈ పిల్లకి తట్టింది.

"చెదలు పట్టినవి పిల్లలకి ఇవ్వకూడదని ఏమైనా రాశారేమో చూశావా?"

"లేదండి. వెతికేను. ఇచ్చుట అన్న చోట స్థితి గురించి ఏమీ రాయలేదండి."

మా బళ్ళో నాలుగు వందల పన్నెండు మంది పిల్లలు. తలకి ఐదు, కొందరికి ఆరు. వారోత్సవం శనివారంతో ముగుస్తుంది. లారీ సోమవారం వస్తుంది. చేతిలో ఉన్నవి మూడు రోజులు.

మొదటి గంట అల్లకల్లోలమే. అరవై ఒక్క ఫోన్లు వచ్చాయి. అందరూ ఒకే గడిలో రాయబోయారు. ఒకరు రాసింది మరొకరు చెరిపేశారు. హాల్లో మేం పెద్దవాళ్ళం చేసిన నిర్వాకమే, అచ్చం అలాగే. అప్పుడు జెస్సీ అయిదో మెట్టు మీద నిలబడి కేకేసింది.

"ఆగండ్రా బాబూ! ఆరో తరగతికి మన బడి వరసల్లో మొదటి నాలుగొందలు. ఏడుకి అక్కణ్ణుంచి. ఎవరి వరస వాళ్ళది. పక్కోడి గడి ముట్టుకుంటే ఊరుకోను. ఎవరిదైనా తప్పు కనబడితే చెరపకండి, పక్కన వ్యాఖ్య రాయండి, రాసినోళ్ళే దిద్దుకుంటారు. నిలువు వరసలు కదిలించే మీట జోలికి ఎవడైనా వెళ్ళేడంటే వేలు విరిచేస్తాను!"

రోజంతా జరిగిన శిక్షణలో ఇరవై ఏడుగురు పట్టభద్రులకి అంటనిది నాలుగు వందల పన్నెండు మంది పిల్లలకి అరగంటలో వచ్చేసింది. కింద బీరువాల దగ్గర నేను పుస్తకం తీసి నంబరు పిలుస్తాను. మెట్ల మీద ఎవరో పేరు ఎక్కిస్తారు. పుస్తకం చేతులు మారుతూ గేటు వైపు పోతుంది. ఇందుమతి గారు రెండుసార్లు ఇటు వచ్చారు. మొదటిసారి చూసి వెళ్ళిపోయారు. రెండోసారి ఒక సంచి తెచ్చారు.

"నా పేరు కూడా రాయమ్మా జెస్సీ. ఉపాధ్యాయులు పాఠకులు కాదని ఎక్కడా లేదు కదా?" అన్నారు. పన్నెండు పుస్తకాలు పట్టుకెళ్ళారు. ప్రమోషన్ లిస్టులో పేరున్న మనిషికి అది చిన్న విషయం కాదు.

శనివారం నాలుగు గంటలకి చివరి పుస్తకం వెళ్ళింది. మేక నమిలినదాన్ని కూడా ఆరో తరగతి పిల్ల ఒకత్తి గుండెలకి హత్తుకుని తీసుకుపోయింది. బీరువాలు బోసిపోయాయి. అరల్లో పుస్తకాల ఆకారంలో దుమ్ము లేని చోట్లు మిగిలాయి.

సోమవారం ఉదయం లారీ వచ్చింది. వెనకే కృపానిధి గారి జీపు వచ్చింది. లారీ డ్రైవరు వీర్రాజు తాడు భుజాన వేసుకుని లోపలికి వచ్చి బీరువాలు చూశాడు.

"ఏవండీ మాస్టారూ, సరుకేదండి?"

"పిల్లల దగ్గరుంది వీర్రాజూ."

"అన్నీయునా?"

"అన్నీని."

వీర్రాజు తాడు చుట్ట చుట్టుకున్నాడు. "మంచి పని చేసేరండి. నేను మిల్లుకి ఎన్నో తోలేను గానీ, పిల్లల పుస్తకాలు తోలినప్పుడల్లా ఆ పూట అన్నం సయించదండి, ఒట్టు," అని వెళ్ళి లారీలో కూర్చున్నాడు.

కృపానిధి గారు లోపలికి వచ్చారు. ఉత్తర్వు ఉల్లంఘన, సస్పెన్షన్, విచారణ, ఇలాంటి మాటలకి నా చెవుల్ని సిద్ధం చేసుకున్నాను. ఆయన బీరువాలన్నీ ఒక్కొక్కటిగా చూశారు. తర్వాత ట్యాబు తీసి షీటు చూశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మాస్టారూ," అన్నారు గద్గదంగా, "మూడు రోజుల్లో రెండువేల మూడువందల పదహారు నమోదులు! తొమ్మిది వందల పైచిలుకు వ్యాఖ్యలు! మీ బడి సూచీ రాష్ట్రంలోనే మొదటి స్థానానికి వెళ్ళింది. నిన్న మిషన్ డైరెక్టర్ గారు స్వయంగా ఫోన్ చేసి నన్ను అభినందించారు."

"లారీ సంగతి ఏం చేయమంటారు సార్?" అన్నారు ఇందుమతి గారు.

"లారీయా? గ్రంథాలయంలో పుస్తకమే లేకపోతే శిథిలం ఎక్కడినుంచి వస్తుంది మేడమ్? సమస్యని మూలం నుంచి తొలగించారు! పుస్తకాలు లేని గ్రంథాలయం! మేం ఐదేళ్ళలో సాధిద్దామనుకున్న లక్ష్యం ఇది." ఆయన ఖాళీ బీరువా ముందు నిలబడి నాకు శాలువా కప్పి ఫోటో తీయించుకున్నారు. లారీ ఖాళీగా వెనక్కి పోయింది.

రెండు వారాల్లో 'సోమరాజులంక నమూనా' అని జిల్లా అంతటికీ ఉత్తర్వులు వెళ్ళాయి. నెల తిరిగేలోగా గ్రంథాలయాధికారి ఉన్న ప్రతి బడీ తన బీరువాలు ఖాళీ చేసి ఫోటో పంపాలి. కొన్ని బళ్ళలో పిల్లలకే ఇచ్చారు. చాలా బళ్ళలో పుస్తకాల్ని మూటలు కట్టి విరిగిన బెంచీల గదిలో పడేసి తాళం వేశారనీ, పిల్లల పేర్లు గుమాస్తాలే కూర్చుని ఎక్కించారనీ విన్నాను. ఆ బళ్ళ సూచీలు మా బడి సూచీని దాటిపోయాయి.

ఆ నమూనా ఉత్తర్వు వచ్చిన కవర్లోనే నాకు విడిగా ఇంకొక కాగితం వచ్చింది. పుస్తకాలు లేని గ్రంథాలయానికి గ్రంథాలయాధికారి అవసరం లేదు కనుక సోమరాజులంక పోస్టు మిగులుగా గుర్తించబడినది. సదరు అధికారి అప్పనపాడులో వెంకటరత్నం గారి పదవీ విరమణ వలన ఏర్పడిన ఖాళీలో వెంటనే చేరవలసినది. 'అక్కడ పందొమ్మిది వందల నాలుగు పుస్తకాలు బాగున్న స్థితిలో ఉన్నందున మీ సేవలు సద్వినియోగమగును.'

వెళ్ళేరోజు పిల్లలు బస్టాండుదాకా వచ్చారు. "పుస్తకాలు మీకు తిరిగి ఇవ్వాలాండి?" అని అడిగింది జెస్సీ.

"నాకు కాదు. ఒకరు చదివాక ఇంకొకరికివ్వండి. ఎవరి దగ్గర ఏదుందో షీటులో మార్చుకుంటూ ఉండండి. తిరిగి వచ్చిందని మాత్రం ఎప్పుడూ రాయకండి."

"అంత తెలివితక్కువోళ్ళమాండి మేం?" అంది సుభాషిణి.

అప్పనపాడు హెడ్మాస్టరు నాకు తాళాలు ఇచ్చారు. మూడు బీరువాలు. మొదటిది తెరవగానే లోపలినుంచి మట్టి జలజలా రాలింది. అట్టల వీపులు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. వేలితో తాకితే ఒక్కొక్కటే లోపలికి కూలిపోయాయి. రెండోదీ అంతే. మూడోది తలుపుతో సహా తినేశాయి.

"ఇక్కడ సంతకం పెట్టండి," అన్నారు హెడ్మాస్టరు కాగితం చాపుతూ. "పందొమ్మిది వందల నాలుగు, బాగున్న స్థితిలో స్వీకరించడమైనది అని."

"మీరు లోపల చూశారాండి?"

"నాలుగేళ్ళబట్టి చూస్తున్నాను మాస్టారూ. కొత్త పుస్తకాలు ఇమ్మని రెండుసార్లు రాశాను. మొన్నటిదాకా చెదలున్న బడికి ఇవ్వం, మళ్ళీ చెదలు పడతాయి అన్నారు. ఇప్పుడు అన్నీ బాగున్న బడికి కొత్తవెందుకు అంటున్నారు. మా పిల్లలు పాఠ్యపుస్తకం తప్ప ఇంకో పుస్తకం ముట్టుకుని నాలుగేళ్ళయింది."

సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. రెండు రోజులు గడువు అడిగాను. ఆ రెండు రోజులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం ఏడో తరగతి అమ్మాయి ఒకత్తి గుమ్మం దగ్గర నిలబడింది. "లైబ్రరీ తెరిచేరంటగా అండి? కథల పుస్తకం ఉందాండి? ఏదైనా పరవాలేదండి."

"పేరేంటమ్మా?"

"వెన్నెలండి."

వెన్నెల చేతికివ్వడానికి నా దగ్గర మట్టి తప్ప ఏమీ లేదు. రేపు రమ్మన్నాను. ఆ పిల్లకి రేపు అనే మాట అలవాటే అనుకుంటాను, తలూపి వెళ్ళిపోయింది. నేను షీటు తెరిచాను. సవరణకి సమ్మతులు కావాలి గానీ వ్యాఖ్యకి అక్కర్లేదు. అప్పనపాడు మొదటి వరస పక్కన రాశాను: 'ఈ బడిలో చదవదగిన పుస్తకం ఒక్కటీ లేదు. వెన్నెల అనే ఏడో తరగతి అమ్మాయికి కథల పుస్తకం కావాలి.'

పావుగంటలో కింద జవాబు కనిపించింది. 'నా దగ్గర రెండున్నాయండి. జెస్సీ.' దాని కింద, 'నా దగ్గర బొమ్మలున్నది ఉంది, చిన్నపిల్లలకి బాగుంటుంది.' దాని కింద, 'ఆదివారం ఎవరెవరు వెళ్తన్నారు? నేనొస్తా. బస్సు ఎన్నింటికి?' దాని కింద ఇందుమతి గారు: 'నావి పన్నెండూ తీసుకెళ్ళండి. పిల్లలు ఒంటరిగా వద్దు, నేను కూడా వస్తాను.'

ఆదివారం పదింటి బస్సు దిగి పదకొండు మంది వచ్చారు. బియ్యం సంచుల్లో డెబ్బై మూడు పుస్తకాలు తెచ్చారు. అప్పనపాడు పిల్లలు ముందు స్తంభాల వెనక నిలబడి చూశారు. ఆ తర్వాత బడి వరండాలో ఎవరు ముందు ఏది తీసుకోవాలన్న దానిమీద పెద్ద తగువు జరిగింది. సుభాషిణి, వెన్నెల ఒకే పుస్తకాన్ని చెరోవైపు పట్టుకుని లాగారు. "చిరిగిపోద్దే, ఒదులు!" "నువ్వొదులు, నువ్వు చదివేశావు కదా!" చివరికి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే పుస్తకం మీదికి వంగారు. మధ్యాహ్నం అయ్యేసరికి వరండా అంతా నిశ్శబ్దమైపోయింది. ఆ తర్వాత వరసగా మూడు ఆదివారాలు అలాగే జరిగింది. మధ్యలో ఎవరికీ ఫోన్ తెరవడం గుర్తుకు రాలేదు.

కిందటి శుక్రవారం మిషన్ నుంచి తాఖీదు వచ్చింది. అప్పనపాడు, సోమరాజులంక బళ్ళ మధ్య మూడు వారాలుగా షీటులో ఒక్క నమోదు గానీ ఒక్క వ్యాఖ్య గానీ లేనందున రెండు బళ్ళ సహకార సూచీ సున్నాకి పడిపోయినది. సహకారం ఎందువలన పూర్తిగా నిలిచిపోయినదో గ్రంథాలయాధికారి మూడు రోజులలోగా లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవలెను.

ఇదిగో, ఇప్పుడే రాసి కవర్లో పెట్టాను. 'అయ్యా, ఆ మూడు వారాలూ పిల్లలు పుస్తకాలు చదువుకుంటూ ఉండిపోయారు. నేను గమనించి కూడా ఆపలేదు. తప్పు నాదే.'